ఆగిపోయిన అంబాసిడర్‌కు చిన్న సామాన్లు: ఏది కొనాలి, ఏది చేయించాలి, దేని జోలికి పోకూడదు

అంబాసిడర్‌కి ఇంజను దొరుకుతుంది, గేరుబాక్సు దొరుకుతుంది, గట్టిగా అడిగితే డిక్కీ మూత కూడా ఎవరో ఒకరు తెచ్చిపెడతారు. నెలల తరబడి తిప్పించేవి చక్రం దగ్గర బ్రేకును నొక్కే వీల్ సిలిండర్ కిట్టు, కిటికీ అద్దం బీడింగు, డోరు హ్యాండిల్ వెనక వాషరు, డ్యాష్‌బోర్డు మీది గుబ్బ. మా నాన్నగారి 1978 మార్క్ 3ని మళ్ళీ రోడ్డెక్కించే పనిలో నా డబ్బు పెద్ద సామాన్లకు పోయింది, నా ఆదివారాలు మాత్రం ఈ చిన్నవాటికే పోయాయి.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మే 24న ఆగింది. 2017లో ఆ పేరును ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో కంపెనీ 80 కోట్లకు కొనుక్కుంది. తయారీ ఆగిన కొన్నేళ్ళు షాపుల్లో పాత సరుకు నడిచింది. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగినా కౌంటరు దగ్గర మొదట వినపడే మాట ఒకటే: "శాంపిల్ తెచ్చారాండీ?"

శాంపిల్ తీసుకెళ్తే మన ముందు ఏడు దారులు ఉంటాయి. ఎక్కడో అటక మీద మిగిలిన పాత కంపెనీ స్టాకు. ఈ మధ్య కొత్తగా పోసిన లోకల్ సరుకు. తుక్కు బండి నుంచి ఊడదీసినది. వేరే బండిది తెచ్చి అమర్చడం. నంబరు చెప్పి కొనే బేరింగు, ఆయిల్ సీల్ లాంటివి. లేత్ మీదో, పోత పోసో చేయించడం. ఇక ఏడోది, చాలామందికి ఆఖర్న గుర్తొచ్చేది: మన పాత దాన్నే బాగుచేయించుకోవడం.

వీటిలో ఏది మంచిదని అడిగితే ఒక్క జవాబు లేదు. నేను ముందు అడిగే ప్రశ్న, ఈ సామాను దారిలో చెడిపోతే ఏమవుతుంది అని. బండి ఆగదా? బండి ఆగిపోతుందా? బండి బాగోదా? బ్రేకు, స్టీరింగు మొదటి రకం. ఇంజనుకు నిప్పురవ్వ అందించే పాయింట్లు, ఫ్యాన్ బెల్టు రెండోది. గుబ్బలు, బ్యాడ్జీలు మూడోది. మూడో రకంలో ఎన్ని ప్రయోగాలైనా చేయొచ్చు. మొదటి రకంలో ప్రయోగం అనే మాటే ఉండకూడదు. పెట్రోలు పైపులు రెండో రకంలా కనపడతాయి గానీ, కారితే మంట కాబట్టి వాటిని మొదటి రకంలోనే కలపాలి.

బ్రేకు రబ్బర్లు

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి, అందుకే దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను.

మనం వాడే డాట్ 3, డాట్ 4 బ్రేకు ఆయిల్‌ను ఆయిల్ అంటాం గానీ అది ఖనిజ నూనె కాదు, గ్లైకాల్ జాతిది. దానికి సరిపడే రబ్బరు ఈపీడీఎం, లేదా ఎస్‌బీఆర్. బజార్లో ఓ-రింగులు, సీళ్ళు అమ్మే షాపుల్లో ఎక్కువగా ఉండేది నైట్రైల్. ఇంజను ఆయిల్‌కు నైట్రైల్ చక్కగా ఆగుతుంది, బ్రేకు ఆయిల్లో పెడితే ఉబ్బుతుంది. దీనికి సరిగ్గా తిరగేసిన సంగతి ఈపీడీఎంది: బ్రేకు ఆయిల్లో రాయిలా ఉంటుంది, పెట్రోలు, ఇంజను ఆయిల్ తగిలితే బూరెలా పొంగుతుంది. రెండూ నల్లగానే ఉంటాయి. చేత్తో నొక్కి ఏదేమిటో చెప్పగలిగినవాడిని నేను ఇంతవరకు చూడలేదు.

నాకు ఇది అనుభవంలోకి వచ్చిన రోజు బాగా గుర్తు. ఒక షాపులో "సైజు అదేనండీ, నిశ్చింతగా వేసుకోండి" అని ఇచ్చిన రబ్బరు కప్పులు వెనక చక్రాల సిలిండర్లలో వేయించాను. మూడు వారాలకు బ్రేకు వదిలినా చక్రం వదలడం మానేసింది. డ్రమ్ము విప్పితే కప్పు ఉబ్బి సిలిండర్‌లో బిగుసుకుపోయి ఉంది. అదృష్టం కొద్దీ పట్టేసింది. కారిపోయి ఉంటే ఈ మాటలు ఇంత తీరిగ్గా రాసేవాణ్ణి కాదు.

అప్పటి నుంచి అనుమానం ఉన్న ప్రతి రబ్బరునూ వెర్నియర్‌తో కొలిచి, చిన్న గాజు సీసాలో బ్రేకు ఆయిల్ పోసి అందులో మూడు రోజులు నానబెట్టి, మళ్ళీ కొలుస్తున్నాను. ఉబ్బితే చెత్తబుట్టకే. ఉబ్బకపోతే మంచిదని రుజువైనట్టు కాదు, చెడ్డవాటిని మాత్రం ముందే పట్టుకోవచ్చు.

కొలతలో ఇంకో చిక్కుంది. అంబాసిడర్ ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కడుపున పుట్టిన బండి, కొలతలన్నీ అంగుళాలే. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు, ఏడు ఎనిమిదో వంతు అంటే 22.22, అంగుళం అంటే 25.40. కిట్టు ప్యాకెట్టు మీద ఈ పాయింటు అంకెలు కనపడితే అవి అంగుళాల సైజులేనని అర్థం. 22 అనో 25 అనో గుండు అంకె ఉంటే అది వేరే బండిది. "పావు మిల్లీమీటరే కదా" అనిపిస్తుంది. బ్రేకు కప్పు అంచుకు ఆ పావే జీవితం.

ఇక ఎంపిక. తయారీ తేదీ, బ్రేకు కంపెనీ పేరు ఉన్న కొత్త కిట్టు దొరికితే అదే మొదటి మాట. సిలిండర్ లోపల తుప్పు గుంటలు పడితే తుక్కు బండి సిలిండర్ కోసం తిరగొద్దు, దాని లోపల కూడా అవే గుంటలు ఉంటాయి. మీ సిలిండర్‌నే మంచి బోరింగు షాపులో ఇచ్చి, స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవు వేయించి, పాత సైజుకే తెప్పించండి. సైజు పెంచి "దొరికే కిట్టు వేద్దాం" అనే సలహా ఎవరైనా ఇస్తే ఒప్పుకోవద్దు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య బ్రేకు పంపకం మారిపోతుంది.

పాత స్టాకు మీద ఉన్న మోజు

సీలు విప్పని, పసుపు పట్టిన అట్టపెట్టె చూస్తే చేతులు ఆగవు. నాకూ ఆగవు. లోపల ఇనుము, ఇత్తడి, రాగి ఉంటే అంతకు మించినది లేదు: ముందు చక్రాలు తిరిగే కింగ్ పిన్నులు, కార్బురేటర్ జెట్లు, డోరు లాకులు, మీటర్లు. రబ్బరు ఉంటే మాత్రం ఆ పెట్టెను గౌరవంగా వెనక్కి ఇచ్చేయండి. ముప్పై ఏళ్ళు అటక మీద, మన ఎండల్లో పడున్న రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. వంచి చూస్తే సన్నని పగుళ్ళు కనపడతాయి. నిన్న పోసిన లోకల్ రబ్బరు సరైన జాతిదైతే ఆ కంపెనీ పెట్టె కంటే మేలు.

పెట్రోలు తగిలేవి

2023లో మొదలై ఇప్పుడు దేశమంతా బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఈ బండ్లు గీసిననాడు ఆ ఆలోచనే లేదు. పాత పంపు డయాఫ్రంలు, రబ్బరు పైపులు దానికి మెత్తబడతాయి, కొన్నాళ్ళు వాడక ఎండిపోతే పగులుతాయి. కాబట్టి పంపు కిట్టు కొనేటప్పుడు "పెట్రోలుది" అంటే చాలదు, ఇథనాల్‌కు ఆగుతుందా అని అడగాలి. పైపు విషయంలో పని సులువు. లోపలి పొర విటాన్ (ఇథనాల్‌కు ఆగే రబ్బరు) ఉన్న పైపు మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని అచ్చు వేసి ఉంటుంది. మామూలు ఆర్6, ఆర్7 కంటే ధర ఎక్కువే, అయినా బండి మొత్తానికి కావలసింది మీటరో రెండు మీటర్లో. ఇక్కడ పొదుపు చేయొద్దు.

నంబరు చెప్తే దొరికేవి

ఇది నాకు ఎంతో ఇష్టమైన దారి. బండి పేరు చెప్తే "లేదు" అన్న షాపువాడే నంబరు చెప్తే వెంటనే తీసిస్తాడు. బేరింగు అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది, ఆయిల్ సీల్ మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం ఉంటాయి. కిరసనాయిలుతో కడిగి, సుద్ద రుద్ది, వెలుతురులో పక్కకు వంచి చూడండి, అరిగిన అంకెలు కూడా పైకి లేస్తాయి. అప్పుడిక అది అంబాసిడర్ సామాను కాదు, రాణిగంజ్‌లో ఏ బేరింగు షాపులోనైనా అడగగలిగిన వస్తువు.

జాగ్రత్త మళ్ళీ అంగుళాల దగ్గరే. ఉదాహరణకు ఆర్ఎల్ఎస్8 అనే బేరింగు లోపలి వ్యాసం అంగుళం, అంటే 25.4. సులువుగా దొరికే 6205ది 25. "షాఫ్టును లేత్ మీద కొంచెం పట్టిస్తే కూర్చుంటుంది" అంటారు. ఒకసారి షాఫ్టు గీకించాక ఈ బండికి సరైన బేరింగు ఇంకెప్పటికీ పట్టదు. అంగుళాల బేరింగులు ఇప్పటికీ తయారవుతున్నాయి, వారం ఆలస్యంగా రావచ్చు, అంతే. ఆ వారం ఆగండి.

నట్లు బోల్టుల సంగతీ ఇదే. ఈ బండిలో ఎక్కువ భాగం అంగుళాల కొలతతో చేసిన యూఎన్ఎఫ్ మరలు. ఐదు పదహారో వంతు బోల్టు దాదాపు 8 మిల్లీమీటర్లే కాబట్టి ఎం8 తెచ్చి బిగిస్తారు. రెండు చుట్లు తిరుగుతుంది, తరువాత మర తెగుతుంది. అన్నిటికంటే భయపెట్టేది బ్రేకు పైపు నట్టు. మూడు ఎనిమిదో వంతు యూఎన్ఎఫ్ నట్టు 9.5 మిల్లీమీటర్లు, ఎం10 నట్టు 10. ఎం10 మర ఉన్న కొత్త భాగంలో పాత యూఎన్ఎఫ్ నట్టు వదులుగా దిగిపోతుంది, బిగిసినట్టే ఉంటుంది, గట్టిగా బ్రేకు తొక్కిన రోజున ఊడొస్తుంది. వేరే బండి బ్రేకు భాగం తెచ్చేటప్పుడు మర కొలిచే గేజీ జేబులో ఉండాలి. దాని ధర ఒక పూట భోజనం ఖర్చు. స్టీరింగు, సస్పెన్షన్‌కు హార్డ్‌వేర్ షాపు బోల్టు వద్దు: యూఎన్ఎఫ్ అయితే తల మీద మూడు గీతలు, మిల్లీమీటర్లదైతే 8.8 గుర్తు, కనీసం అంత ఉండాలి.

ఇంజనుకు చుట్టాలు

1489 సీసీ పెట్రోలు ఇంజను ఉన్నవాళ్ళకు మంచి కబురు. అది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బి-సిరీస్ ఇంజను. ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో 1955 నుంచి ఇదే 1489 సీసీ ఇంజను పనిచేసింది. ఆ కార్లను ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఇంకా ప్రాణంగా చూసుకుంటున్నారు కనుక చిన్న సామాన్ల తయారీ ఆగలేదు. ఎస్‌యూ కార్బురేటర్ ఉన్న బండికైతే జెట్లు, సూదులు, ప్యాకింగులు ఇంగ్లండ్ సాలిస్‌బరీలో బర్లెన్ కంపెనీ ఇప్పటికీ కొత్తవి చేస్తోంది. డల్లాస్‌లోనో లండన్‌లోనో మనవాళ్ళు ఉంటే, సంక్రాంతికి వచ్చేటప్పుడు పెట్టెలో ఒక కవరు తెమ్మనండి. మా మేనమామ కొడుకు తెచ్చిన జెట్టు, సూది వేశాకే నా బండి ఐడిలింగు నిలబడింది. రెండు మూడు చిన్న వస్తువుల కోసం కొరియరు, కస్టమ్స్ సుంకం కలిపితే సామాను ధరను మించిపోవచ్చు. అందుకని నలుగురు యజమానులు కలిసి ఒకేసారి తెప్పించుకోవడం నయం. విదేశాల నుంచి తెప్పించే ముందు మీ బండిది నిజంగా ఏ కార్బురేటరో చూసుకోండి. కొన్నిటికి సోలెక్స్ అనే వేరే రకం ఉంటుంది, పాత యజమానులు మార్చేసినవీ ఉంటాయి.

మరో సంగతి. క్రాంకు షాఫ్టు వెనక ఆయిల్ కారుతోందని అక్కడి సీల్ కోసం ఊరంతా వెతికేవాళ్ళను చూశాను. మూడు బేరింగుల బి-సిరీస్‌లో అక్కడ రబ్బరు సీలే లేదు. ఆయిల్‌ను వెనక్కి తోసే మర లాంటి గాడి ఉంటుంది. కారుడు ఎక్కువైతే చూడాల్సింది బేరింగుల అరుగుదల, ఇంజను గాలి బయటకు పోయే గొట్టం. లేని సామాను కోసం తిరగొద్దు.

ఇంజను వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ పాడైతే మన మేస్త్రులు "తీసేయండి సార్, మన ఎండలకు ఎందుకు" అంటారు. తీయొద్దు. ఇంజను సరైన వేడికి రాక పెట్రోలు తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. 54 మిల్లీమీటర్ల అంచు ఉన్నది దొరుకుతుంది. 82 డిగ్రీలది, దొరికితే 74 డిగ్రీలది మనకు సరి.

1992 తరువాతి 1817 సీసీ ఇసుజు ఇంజను బండ్లకు ఈ బ్రిటిష్ చుట్టరికం పనికిరాదు. వాళ్ళు కాంటెస్సా కారు వైపు చూడాలి, అదే ఇంజను అందులోనూ ఉంది.

పాయింట్లు, బల్బులు

లూకాస్ డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు ఇంకా వస్తున్నాయి. పాయింట్లతో కలిసి పనిచేసే కండెన్సర్ల మీదే నాకు నమ్మకం పోయింది. కొత్తది వేసిన నెలకే బండి వేడెక్కాక ఆగిపోవడం రెండుసార్లు అయింది. పాత కండెన్సర్ పనిచేస్తుంటే ఆడంబరానికి మార్చొద్దు. లేదంటే డిస్ట్రిబ్యూటర్ లోపల ఇమిడిపోయే ఎలక్ట్రానిక్ కిట్టు పెట్టండి. బయటకు కనపడదు, కావాలంటే మళ్ళీ పాయింట్లు వేసుకోవచ్చు. నేను కిట్టు వేశాను, పాత ప్లేటు, పాయింట్లు 0.015 అంగుళాల గ్యాపుకు సెట్ చేసి డ్యాష్‌బోర్డు గూట్లో ఉంచాను. బాగా పాత బండ్లలో బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉండొచ్చు. అలాంటి దానికి మామూలు కిట్టు తగిలిస్తే ఒక్క క్షణంలో కాలిపోతుంది, ముందు చూసుకోండి.

ముందు లైటు 7 అంగుళాల గుండ్రటిది అయితే బుల్లెట్‌కో, జీపుకో వచ్చే అద్దం సరిపోయే అవకాశం ఎక్కువ. కానీ 60/55 వాట్ల హెచ్4 బల్బులు రెండు వేస్తే 10 యాంపియర్లు లాగుతాయి. పాత లూకాస్ సీ40 డైనమో మొత్తం ఇచ్చేదే 22. పాత స్విచ్చి మీదుగా ఆ కరెంటు పంపొద్దు, దాన్ని విడిగా మోసే రిలే పెట్టించండి.

బీడింగులు, హ్యాండిళ్ళు, గుబ్బలు

ఇక్కడ మనసు తేలికపరచుకోవచ్చు. బీడింగు కొనాల్సింది బండి పేరుతో కాదు, అడ్డంగా కోస్తే కనపడే ఆకారంతో. పాత బీడింగు బాగున్న చోట మూడు అంగుళాల ముక్క కోసి పట్టుకెళ్ళండి. బస్సు బాడీలు కట్టే చోట మీటర్ల లెక్కన అమ్మే రబ్బర్లలో మనకు సరిపోయేవి ఎన్నో ఉంటాయి. నా వెనక డోర్ల బీడింగు ఆటోనగర్‌లో బస్సు బాడీ సామాన్ల షాపులోదే. ముందు అద్దం రబ్బరు మాత్రం మూలలు పోసి ఉన్నదే కొనండి, మీటర్లది వంచితే మూలల్లో మడత పడి వాన నీరు కారుతుంది.

డోరు హ్యాండిళ్ళకు, అద్దం తిప్పే హ్యాండిళ్ళకు తుక్కు సామానే మేలు. కోల్‌కతా మల్లిక్ బజార్ ఇందుకు పెట్టింది పేరు. అక్కడ 15 ఏళ్ళు దాటిన టాక్సీలు నడపకూడదు కనుక పసుపు అంబాసిడర్లు ఏటా విప్పుతున్నారు. 2014లో వచ్చిన ఆఖరి బండ్లకు 2029తో ఆ గడువూ తీరుతుంది, ఆ తరువాత ఆ ఊట ఉండదు. అయితే పాత జింకు పోత హ్యాండిల్ మీద పొక్కులు లేస్తే మళ్ళీ క్రోము వేయించినా నిలవదు, పొక్కు లోహం లోపల ఉంటుంది. అలాంటప్పుడు దాన్నే నమూనాగా ఇచ్చి ఇత్తడిలో పోయించి క్రోము పట్టించండి. గోదావరి జిల్లాల అజ్జరం లాంటి చోట్ల ఇత్తడి పోత తరతరాల విద్య. చల్లారినప్పుడు పోత ఒకటి రెండు శాతం కుంచించుకుపోతుంది, నమూనాకు ఆ మేరకు మైనం పూత వేయమని గుర్తుచేయాలి. బరువు కొంచెం పెరుగుతుంది, చేతికి మాత్రం అసలు దానికంటే బాగుంటుంది.

గుబ్బలకు 3డీ ప్రింటింగు చక్కగా పనికొస్తుంది, పదార్థం సరిగ్గా ఎంచుకుంటే. చవకగా చేసిచ్చే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు ఆ వేడిని సులువుగా దాటుతుంది. ఏఎస్ఏ అనే ప్లాస్టిక్ అడగండి, ఎండకు రంగు పోదు, వేడికి వంగదు. పెట్రోలు తగిలే చోట, బరువు మోసే చోట ప్రింటు చేసినది వద్దు.

యాభై ఏళ్ళు దాటిన బండి ఉంటే

2021 నియమాల ప్రకారం 50 ఏళ్ళు నిండి, చాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పులు లేకుండా ఉన్నవాటికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. నంబరు మధ్యలో వీఏ అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. కండెన్సర్లు, బీడింగులు ఆ లెక్కలోకి రావు. ఏది మార్చినా వెనక్కి మార్చుకునేలా ఉండాలి: బాడీకి కొత్త రంధ్రం కొట్టాల్సి వస్తే ఆ సామాను నా బండికి పనికిరాదన్నట్టే. మా మార్క్ 3కి 2028లో యాభై నిండుతాయి, అప్పటికి ఒక్క కొత్త రంధ్రం కూడా లేకుండా చూసుకుంటున్నాను.

ఇప్పుడు కొని దాచుకోవలసినవి చెప్తాను. లోహపువి ఏవైనా: డోరు లాకులు, హ్యాండిళ్ళు, కింగ్ పిన్నులు, వీల్ సిలిండర్ ఇనుప బాడీలు, డిస్ట్రిబ్యూటర్, స్పీడోమీటరు. ఆయిల్ పూసి, నూనె కాగితంలో చుట్టి, పైన ఏ బండిదో, ఏ వైపుదో రాసి పెట్టండి. రబ్బరు మాత్రం ఒక్క సెట్టుకు మించి కొనొద్దు. మార్చిన ప్రతి పాత ముక్కనూ, ఎంత పనికిరానిదైనా, ఒక డబ్బాలో వేసి ఉంచండి. వచ్చే ఏడాది కౌంటరు అవతల నుంచి శాంపిల్ అడిగినప్పుడు చూపించడానికి అదొక్కటే ఉంటుంది.